హిమవల్లి అన్న మాట

"ఇప్పుడు ఆగుతుంది చూడండి," అంది రాజ్యం. చీరకి ఫాల్ కుడుతున్నదల్లా సూదిని బట్టలోనే గుచ్చి వదిలేసింది. "ఆగి, వెనక్కి తిరుగుతుంది. అప్పుడంటుంది ఆ మాట."

టీవీలో హిమవల్లి గాజునది మీద నడుస్తోంది. కరువు వచ్చిన నాటి నుంచీ కదలడం మానేసి గాజులా గట్టిపడిపోయిన నది అది. ఆ మంచుకొండలు ఈ దేశంలోవేనని, సౌత్ ఐలాండ్ వెళ్ళి తీశారని మనవరాలు స్పందన మొదటి భాగం నుంచీ చెబుతూనే ఉంది. ప్రతి శుక్రవారం సాయంత్రం ఒక భాగం వచ్చేది. ఇవాళ్టితో ఆఖరు.

ఒడ్డున నిలబడ్డ శరభుడు, హిమవల్లి భర్త, గొంతెత్తి పిలిచాడు. హిమవల్లి ఆగింది. రాజ్యం ముందుకు వంగింది. ఆమె పెదవులు అప్పటికే ఆ మాట పలకడానికి కదిలాయి.

హిమవల్లి వంగి కాళ్ళ కడియాలు తీసి గాజు మీద పెట్టింది. వెనక్కి చూడకుండా మళ్ళీ నడిచింది. ఆమె దాటిన చోటల్లా గాజు పగిలి నీళ్ళు పొంగాయి. అవతలి ఒడ్డు ఎక్కింది. నది కదిలింది. తెర మీద పేర్లు పడడం మొదలైంది.

"అయిపోయిందా?" అంది రాజ్యం.

"అయిపోయింది అమ్మమ్మా. ద ఎండ్."

"ఇది కాదు కథ."

"సినిమావాళ్ళు నవలని మార్చకుండా ఉంటారేంటమ్మా," అంది కూతురు కృష్ణవేణి, సోఫాలోంచి లేస్తూ.

"మార్చితే మార్చనీ. ఎక్కడ మార్చాలో తెలియద్దూ? ఆవిడ వెనక్కి వస్తుందే. వచ్చి, 'నీ మౌనం కూడా నాకు మాటే' అంటుంది ఆయనతో. ఆ మాటకే నది కరుగుతుంది. అది తీసేసి ఏం మిగిల్చారు? బొమ్మలూ, మంచూను!"

సిరి మాత్రం పేర్లు పోతున్నా తెర వైపే చూస్తూ కూర్చుంది. సిరి రాజ్యం మరిది కూతురు. మొన్న సోమవారం పొద్దున్నే హామిల్టన్‌లో రైలెక్కి పుకెకోహేలో దిగి ఫోన్ చేస్తే కృష్ణవేణి వెళ్ళి ఆక్లండ్ పక్కన టకానినిలోని ఇంటికి తీసుకొచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ ఆ పిల్ల ముఖం ఇలా తెరిపిగా ఉండడం రాజ్యం చూడలేదు. అందుకే ఆమెకి కోపంతో పాటు గుబులు కూడా పుట్టింది.

*

మర్నాడు పొద్దున్న గరాజ్ తలుపు సగం పైకెత్తి, రాజ్యం పని మొదలుపెట్టింది. కారుకి చోటు లేకుండా గరాజ్ నిండా ఆవిడ కుట్టుమిషను, ఇస్త్రీ బల్ల, హ్యాంగర్లకి వేలాడే జాకెట్లు. సన్నగా వాన పడుతోంది. ఎదురుగా ఒకే పోతలో పోసినట్టుండే ఇళ్ళు, వాటి వెనక రైలుగేటు గంట.

సిరి ముక్కాలిపీట మీద కూర్చుని జాకెట్లకి హుక్కులు కుడుతోంది. రాజ్యం రాత్రి నానబెట్టి ఆరేసిన ఫాల్ గుడ్డలు ఇస్త్రీ చేసి, ఒకదాన్ని చీర లోపలి వైపు అంచు వెంబడి పరిచి గుండుసూదులు పెట్టుకుంటూ వచ్చింది. తరువాత చేత్తో హెమ్మింగ్. చీర లోంచి ఒక్క పోగు మాత్రం పైకి తీసి, సూది ఫాల్ లోకి దించి, పక్కకి లాగాలి. పైన కట్టుకున్నప్పుడు కుట్టు కనపడకూడదు.

"ఫోన్ చేశాడా మీ ఆయన?" అంది తలెత్తకుండా.

"లేదు పెద్దమ్మా."

"నువ్వే చెయ్యకపోయావా?"

"చేశాను. ఎత్తుతాడు. మాట్లాడడు. ఊపిరి వినపడుతుంది, అంతే." సిరి దారం ముడి వేసింది. "ఇంట్లోనూ అంతే కదా. ఉగాది తరవాత నాతో మాట్లాడడం మానేశాడు. ఏం తప్పు చేశానో చెప్పమంటే చెప్పడు. వాళ్ళ ఫ్రెండ్స్ వస్తే మాత్రం జోకులే జోకులు. వాళ్ళు కారెక్కగానే స్విచ్ కట్టేసినట్టు."

"కొట్టాడా?"

"లేదు."

"తిట్టాడా?"

"తిట్టినా బావుణ్ణు. మాటేగా."

రాజ్యం సూది లాగింది. "లోకేశ్ మంచివాడే. మగాళ్ళు కొందరంతే. మీ పెదనాన్న మాత్రం నాతో మాట్లాడారా ఏంటి? ఉప్పెక్కువైందని కూడా అనేవారు కాదు, కంచం పక్కకి జరిపేవారు. కానీ సాయంత్రమయ్యేసరికి లైబ్రరీ పుస్తకం తెచ్చుకుని కూర్చుని, చదివి వినిపించేవారు. నేను విస్తళ్ళు కుట్టుకుంటూ వినేదాన్ని. నాకప్పుడు అక్షరం ముక్క రాదు కదా. ఆ గొంతు వినాలంటే పుస్తకం ఉండాల్సిందే."

"గాజునది నవల అలాగే విన్నావా?"

"అలాగే. మధ్యలో ఓసారి నేను మా పుట్టింటికి వెళ్ళిపోయాను కూడానూ. నీలాగే." రాజ్యం నవ్వింది. "ఎన్నాళ్ళో ఉండలేకపోయాను. హిమవల్లి ఏమైందోనని ఒకటే బెంగ. వచ్చేసరికి పుస్తకం ఆపిన చోటే ఉంది. నేను లేకుండా తెరవలేదట. ఆ సాయంత్రమే కూర్చోబెట్టి మిగతాది చదివారు. ఆ ఆఖరి మాట విన్నాక ఇంకెప్పుడూ గడప దాటాలనిపించలేదే సిరీ. నీ మౌనం కూడా నాకు మాటే. ఎంత మాట!"

సిరి హుక్కుల డబ్బా మూత పెట్టింది, తీసింది. "నిన్న ఆవిడ కడియాలు తీసేసినప్పుడు నాకు మాత్రం..." అంటూ ఆగిపోయింది.

"అదే వద్దంటున్నాను. అది కథ కాదు. ఎవరో కుర్రాళ్ళు తోచినట్టు తీశారు."

బయట కారాగింది. బోటనీ డౌన్స్ నుంచి ఆశాజ్యోతి జాకెట్ల కోసం వచ్చింది. గొడుగు ముడుస్తూనే, "ఆంటీ, చూశారా లాస్ట్ ఎపిసోడ్? నేనైతే ఏడ్చేశాను," అంది.

"నేనూ ఏడ్చాను, చేసిన నిర్వాకం చూసి," అంది రాజ్యం. ఇక ఆపలేదు. జాకెట్ చేతులు తిరగేసి కుట్టు చూపించాల్సింది పోయి, హిమవల్లి ఎలా వెనక్కి వచ్చిందో, ఏమందో మొత్తం చెప్పింది. ఆ చివరి పేజీ ఆవిడకి కంఠతా వచ్చు. చెబుతుంటే గొంతు మారింది, గడ్డం కొంచెం పైకి లేచింది. భర్త పట్టాభిరామయ్య చదివేటప్పుడు ఆయన గడ్డం అలాగే లేచేది.

ఇంటి లోపలి తలుపు దగ్గర స్పందన ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది. "అమ్మమ్మా, సూపర్! ఇంకోసారి చెప్పు. ఫ్రం ద బిగినింగ్. నేను తెలుగువాళ్ళ గ్రూప్‌లో పెడతా."

"పెట్టు. నలుగురికీ తెలియాలి," అంది రాజ్యం, కొంగు సర్దుకుని.

*

మధ్యాహ్నం భోజనాల వేళకి ఆ వీడియో ఆక్లండ్ దాటిపోయింది. స్పందన అన్నం తింటూ, కింద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసినవి చదివి వినిపించింది. కరెక్ట్‌గా చెప్పారు ఆంటీ. మన పెద్దవాళ్ళకి తెలిసింది డైరెక్టర్లకి తెలీదు. మా ఆవిడకి చూపించాను. ఇలాంటి కథలే కావాలి ఈ రోజుల్లో.

"మా ఆవిడకి చూపించానన్నవాళ్ళే ఎక్కువున్నారు," అంది కృష్ణవేణి పెరుగు వడ్డిస్తూ.

"చూపిస్తే తప్పేంటి?"

"తప్పని కాదు. ఊరికే అన్నాను."

స్పందన ఇంకొకటి చదివింది. "ఇదెవరో జనార్ధనరావు అంకుల్. 'అమ్మా, నవలలో కూడా సీరియల్లో చూపించినట్టే ఉంది. మీరు చదివారా?' హి సేస్ బుక్ కూడా సేమ్."

రాజ్యం చెయ్యి కంచంలో ఆగింది. "చదివారా అంటాడా? నాకు చదవడం రాదనుకుంటున్నాడా?"

ఆమెకి చదవడం వచ్చు. సంఘం హాల్లో పిల్లల తెలుగు క్లాసుకి స్పందనని తీసుకెళ్ళి, ఊరికే కూర్చోలేక వెనక బల్ల మీద తనూ దిద్దుకుంది. స్పందన గుణింతాల దగ్గర మానేసింది. రాజ్యం మానలేదు. కానీ గాజునది దొరికితేగా చదవడానికి?

"సీరియల్ వచ్చాక మళ్ళీ వేశారమ్మా," అంది కృష్ణవేణి. "ట్యాబ్‌లో కొనుక్కోవచ్చు. అక్షరాలు ఎంత పెద్దవి కావాలంటే అంత."

"అయితే కొను. ఆ పేజీ తీసి అతని ముందు పెడతాను."

అప్పుడు సిరి ఫోన్ మోగింది. ఒక్కసారి టింగుమని ఆగింది. సిరి చూసింది. కుర్చీ వెనక్కి జరిపి, ఎవరికీ చూపకుండా ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టింది. కృష్ణవేణి అందుకుంది.

లోకేశ్ పంపిన వీడియో. గరాజ్‌లో రాజ్యం, చేతిలో జాకెట్టు, గడ్డం పైకెత్తి మాట్లాడుతోంది. కింద అతను రాసింది ఒకటే వాక్యం: రేపు వస్తున్నా.

"చూశావా!" అంది రాజ్యం. సంతోషంతో ఆమె గొంతు పెద్దదైంది. "ఆ మాట పని చేసింది. కదిలాడా లేదా?"

సిరి తలూపింది. కంచం తీసుకుని సింకు దగ్గరికి వెళ్ళింది. కడిగిన కంచాన్నే మళ్ళీ కడిగింది. కాసేపటికి లోపలి గదిలో పెట్టె జిప్పు లాగిన చప్పుడు వినిపించింది.

*

ఆదివారం తెల్లవారాక రాజ్యం కాఫీ గ్లాసుతో గరాజ్‌లోకి వెళ్ళి, ఇస్త్రీ బల్ల మీద ట్యాబ్ నిలబెట్టుకుంది. స్పందన ముందురోజే చివరి అధ్యాయం తీసిపెట్టి, అక్షరాలు పెద్దవి చేసి ఇచ్చింది. తెరకి నాలుగైదు వరసలకంటే ఎక్కువ పట్టడం లేదు. రాజ్యం వేలు పెట్టుకుని, ఒక్కో మాటా పైకి చదువుకుంటూ పోయింది.

చదువుతుంటే నవ్వొచ్చింది. అన్నీ తెలిసిన మాటలే. కోట గోడ మీద కాకులు, హిమవల్లి జడ విప్పుకోవడం, మెట్లు దిగడం. ఇన్నేళ్ళయినా ఒక్క మాట పొల్లుపోలేదు. పట్టాభిరామయ్య ఎక్కడ ఆపి మంచినీళ్ళు తాగేవారో, అక్కడ నిజంగానే పేరా అయిపోయింది. ఆయన పక్కన కూర్చుని చదువుతున్నట్టే ఉంది.

శరభుడు పిలిచాడు. ఆమె ఆగింది.

రాజ్యం వేలు కదిపి తెర తిప్పింది. హిమవల్లి కడియాలు తీసి గాజు మీద పెట్టింది.

మళ్ళీ చదివింది. కూడబలుక్కోవడంలో పొరబాటేమోనని ఒక్కో అక్షరం విడదీసి చదివింది. తరువాతి తెర, ఆ తరువాతిది. గాజు పగిలింది. నది కదిలింది. అవతలి ఒడ్డున గడ్డి తడిగా ఉంది. ఆమె ఆ గడ్డి మీద కాలు పెట్టింది. సమాప్తం.

కాఫీ మీద మీగడ కట్టింది. రాజ్యం స్పందనని లేపి తీసుకొచ్చింది. "మౌనం అన్న మాట ఎక్కడుందో వెతికిపెట్టవే. పుస్తకం మొత్తంలో."

స్పందన కళ్ళు నులుముకుంటూ అమ్మమ్మ చెబుతుంటే ఒక్కో అక్షరం నొక్కింది. "లేదు అమ్మమ్మా. జీరో రిజల్ట్స్."

"సరిగ్గా కొట్టావా?"

"కొట్టాను. నువ్వే చూడు, స్పెల్లింగ్ కరెక్టేగా?"

కరెక్టే. స్పందన ఆవలిస్తూ లోపలికి వెళ్ళిపోయింది.

రాజ్యం అలవాటు కొద్దీ చీర ఒళ్ళోకి తీసుకుంది. సూదిలో దారం ఎక్కించుకోబోయింది. దారం కొస తడిపింది, మెలి పెట్టింది, సూది కన్ను పక్కనుంచి పోయింది. ఆ సాయంత్రం గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. తను తల వంచుకుని ఆకుల్లో పుల్లలు గుచ్చుతోంది. ఆయన ఆ చివరి భాగం మిగతా వాటికంటే తొందరగా చదివారు. మధ్యలో కాగితం తిప్పిన చప్పుడు రాలేదు. వచ్చిందేమో, తనకి గుర్తు లేదేమో. తల ఎత్తి ఉంటే ఆయన కళ్ళు పుస్తకం మీద ఉన్నాయో, తన మీద ఉన్నాయో తెలిసేది.

ఉప్పెక్కువైందని చెప్పడానికి నోరు రాని మనిషి. అంత మాట సొంతంగా అల్లారు. దాన్ని ఆమె ముప్పొద్దులా జపించింది. ఆయన పోయిన రోజున కూడా అదే తలుచుకుని ఏడ్చింది.

గరాజ్ తలుపు కింద నుంచి వాన జల్లు లోపలికి కొడుతోంది. చీర తడుస్తోందని చూసుకోవడానికి ఆమెకి చాలాసేపు పట్టింది.

*

లోకేశ్ మధ్యాహ్నానికి ముందే వచ్చాడు. చేతిలో స్వీట్ల పెట్టె, ముఖం నిండా నవ్వు.

"అత్తయ్యగారూ, సెలబ్రిటీ అయిపోయారండి! మా ఆఫీసు తెలుగువాళ్ళందరి ఫోన్లలోనూ మీ వీడియోనే," అన్నాడు చెప్పులు విప్పుతూ. "ఏం వదినా, అన్నయ్య కనపడట్లేదు? సండే కూడా ఎయిర్‌పోర్ట్ డ్యూటీయేనా?"

"అవును, సాయంత్రానికి వస్తారు," అంది కృష్ణవేణి.

సిరి హాల్లో గోడ పక్కన నిలబడి ఉంది. కోటు తొడుక్కుంది. పెట్టె కాళ్ళ దగ్గరే ఉంది. లోకేశ్ చూపు ఆమె మీద నుంచి కిటికీ మీదికి జారినట్టు వెళ్ళిపోయింది. సోఫాలో కూర్చుని, కృష్ణవేణి ఇచ్చిన మంచినీళ్ళు తాగి, హామిల్టన్ చలి గురించి, కొత్తగా వేసిన రోడ్డు గురించి మాట్లాడాడు. గ్లాసు కింద పెట్టి, "రెడీయేనా అడుగు వదినా. లేటైతే మోటర్‌వే జామ్ అయిపోద్ది," అన్నాడు.

రాజ్యం ఎదురుగా కుర్చీలో ఉంది. "సిరి అక్కడే ఉంది కదా నాయనా. నువ్వే అడుగు."

లోకేశ్ నవ్వాడు. అడగలేదు. "మీరే చెప్పారు కదండీ, నీ మౌనం కూడా నాకు మాటే అని. నాకెంత నచ్చిందో! ఆడదంటే హిమవల్లేనండీ."

"ఆ మాట హిమవల్లి అనలేదు."

"అదేనండీ, సీరియల్లో తీసేశారు..."

"సీరియల్లో కాదు, పుస్తకంలోనే లేదు. పొద్దున్న చదివాను. ఆవిడ వెనక్కి రాలేదు. ఆ మాట మా ఆయన కల్పించుకున్నారు. నాతో మాట్లాడకుండా బతికెయ్యడానికి వీలుగా ఉంటుందని."

"అమ్మా," అంది కృష్ణవేణి.

లోకేశ్ ఆమె వైపూ, రాజ్యం వైపూ చూశాడు. "అయినా కథే కదండీ అత్తయ్యగారూ. దానికింత సీరియస్ ఎందుకు?"

"కథే. నిన్నంతా నీకు పనికొచ్చిందిగా మరి." రాజ్యం గొంతు పెంచలేదు. "సిరి నీకు ఏం తప్పు చేసిందో దాని ముఖం చూసి చెప్పు. చెప్పి తీసుకెళ్ళు. నేను అడ్డు రాను."

అతని ముఖంలో నవ్వు ఉన్నది ఉన్నట్టే ఉండి, మెల్లిగా ఆరిపోయింది. ఇక మాట్లాడలేదు. రెండు మోకాళ్ళ మధ్య చేతులు వేలాడేసి, తివాచీ మీద ఒక చోటుని చూస్తూ కూర్చున్నాడు.

ఆ కూర్చోవడం రాజ్యానికి తెలుసు. అలా కూర్చున్న మనిషి చుట్టూ ఎవరో ఒకరు తిరగాలి. కాఫీ తేవాలి, తప్పయిపోయిందనాలి, ఏం తప్పో తెలియకపోయినా అనాలి. ఈ గదిలో ఇప్పుడు ఆ పని మొదలవుతుంది. కృష్ణవేణి అప్పుడే కుర్చీ చేతుల మీద బరువు వేసి లేవబోయింది. "టీ పెడతానుండు లోకేశ్..."

రాజ్యం కూతురి మణికట్టు పట్టుకుంది. కృష్ణవేణి తల్లి వైపు చూసి, మళ్ళీ కూర్చుంది.

గదిని వేడిచేసే హీట్ పంప్ హోరు. రైలుగేటు గంట మోగింది, ఆగింది. సిరి ఒకసారి నోరు తెరిచింది. రాజ్యం ఆమెని వారించలేదు. కనీసం తల కూడా తిప్పలేదు. అది దాని ఇష్టం. సిరి నోరు మూసుకుంది. కోటు గుండీ ఒకటి విప్పింది.

లోకేశ్ వాచీ చూసుకున్నాడు. అతని మెడ ఎర్రబడింది. కాలు ఊపాడు, ఆపాడు. మాట్లాడకుండా కూర్చోవడం అతనికి అలవాటే కాని, ఎదుటివాళ్ళూ అలాగే కూర్చోవడం అలవాటు లేదు. చాలాసేపటికి లేచాడు. కారు తాళాలు జేబులోంచి తీశాడు. గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్ళు పెడుతూ, "సరే వదినా," అన్నాడు.

కారు వెనక్కి వెళ్ళి, తిరిగి, వీధి మలుపు దాకా వినిపించింది.

సిరి పెట్టె మీద కూర్చుండిపోయింది. ముఖం పాలిపోయింది. "నన్నొక్క మాట అడిగుంటే వెళ్ళిపోయేదాన్ని పెద్దమ్మా," అంది. "పెట్టె ఎక్కడుంది అన్నా చాలు. వెళ్ళిపోయేదాన్ని."

"తెలుసు."

"పెదనాన్న ఎందుకలా చదివారంటావు?"

"ఏమో. బతికున్నా చెప్పేవారు కాదు." రాజ్యం కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది. ఎంత తుడిచినా మసకగానే ఉంది.

కృష్ణవేణి స్వీట్ల పెట్టె తీసి ఫ్రిజ్‌లో పెట్టింది. పెట్టాక ఆ తలుపు పట్టుకుని అలాగే నిలబడింది. వాన తగ్గింది. ఎదురింటివాళ్ళు చెత్తబుట్ట లాక్కుంటూ వెళ్ళారు.

"అవతలి ఒడ్డుకి వెళ్ళాక ఏమైంది?" అంది సిరి. "పుస్తకంలో ఏముంది?"

రాజ్యానికి ఏదైనా చెప్పాలనిపించింది. ఆవిడకి అక్కడ ఇల్లు దొరికిందనీ, నలుగురు మంచివాళ్ళు కనపడ్డారనీ. నాలుక చివరిదాకా వచ్చింది.

"ఏం లేదు," అంది. "గడ్డి తడిగా ఉందని రాశారు. అక్కడితో అయిపోయింది."